ముప్పై ఒకటో రోజు నుంచి: కొత్త లైసెన్సులకు దశలవారీ పద్ధతి ఎందుకు కావాలి
(ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

కొత్తగా లైసెన్సు తీసుకునే పిల్లలకు రూల్సు ఇంకా బిగించాలా, వద్దా అన్నది ఇవాళ్టి చర్చ. బిగించాలనే నా వాదన. అయితే ఎక్కడ బిగించాలి, ఎక్కడ వదిలెయ్యాలి అన్నదాంట్లోనే అసలు సంగతంతా ఉంది. అందుకని ఎక్కువ సేపు దాని మీదే మాట్లాడతాను.

ముందు మన దగ్గర ఇప్పుడు ఏం జరుగుతోందో చూద్దాం. 18 నిండగానే నేర్చుకోవడానికిచ్చే లైసెన్సు, అంటే ఎల్ఎల్ఆర్‌కి పెట్టుకుంటారు. గుర్తుల మీద, రూల్సు మీద అడిగిన ప్రశ్నల్లో 60 శాతం సరిగ్గా పెడితే ఎల్ఎల్ఆర్ వస్తుంది, 6 నెలలు చెల్లుతుంది. 30 రోజులు దాటాక టెస్టుకు వెళ్లచ్చు. ఈ 30 రోజులూ మన చట్టం ఎంత జాగ్రత్తగా ఉందో గమనించండి. బండికి ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్ర ‘ఎల్’ ఉండాలి. పలక 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని కొలతలతో సహా రాసి పెట్టారు. లైసెన్సున్న మనిషి వెంట ఉండాలి, అదీ బండిని ఆపగలిగే చోట కూర్చోవాలి. టూ వీలర్ అయితే నేర్పే మనిషి తప్ప ఇంకెవరూ వెనక ఎక్కకూడదు.

ముప్పై ఒకటో రోజు పిల్లవాడు ట్రాక్ మీద కాలు కింద పెట్టకుండా ఎనిమిది వేస్తాడు. కారైతే హెచ్ ట్రాక్ మీద రివర్స్ చేసి చూపిస్తాడు. పట్టపగలు, ఎదురుగా ఇంకో బండి లేని చోట, కొన్ని నిమిషాలు. పాసైతే ఆ క్షణం నుంచి షరతు అన్నదే లేదు. అదే రాత్రి 11 గంటలకు వెనక స్నేహితుణ్ని ఎక్కించుకుని, 650 సీసీ బండి మీద జాతీయ రహదారి ఎక్కినా చట్టం దృష్టిలో తప్పు కాదు. నిన్నటి దాకా పక్కన మనిషి లేకుండా కదలడానికి వీల్లేనివాడికి ఇవాళ అన్నీ ఒకేసారి అప్పజెప్పేశాం. దశలవారీ లైసెన్సు అంటే ఈ అప్పగింతను ఒక రోజులో కాకుండా ఏడాది, రెండేళ్ల మీద పరచడం. అంతకు మించి ఏమీ లేదు.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. న్యూజిలాండ్ 1987లోనే మొదలుపెట్టింది. లెర్నర్, రెస్ట్రిక్టెడ్, ఫుల్ అని మూడు దశలు. మధ్య దశలో ఉన్నవాళ్లు రాత్రి 10 నుంచి ఉదయం 5 దాకా ఒంటరిగా నడపకూడదు. పెద్దవాళ్ల తోడు లేకుండా స్నేహితుల్ని ఎక్కించుకోకూడదు. కెనడాలో ఒంటారియో 1994లో తెచ్చింది. అమెరికాలో ఫ్లోరిడా 1996లో మొదలుపెడితే తర్వాత మిగతా రాష్ట్రాలూ ఏదో ఒక రూపంలో తెచ్చుకున్నాయి. మనవాళ్లు చాలామంది ఉండే న్యూజెర్సీలో 17 ఏళ్ల పిల్లకు వచ్చేది ప్రొబేషనరీ లైసెన్సే. రాత్రి 11 దాటాక నడపకూడదు, బయటివాళ్లను ఒక్కరినే ఎక్కించుకోవాలి. 2010 నుంచి 21 ఏళ్లలోపు ఆ దశలో ఉన్నవాళ్లు నంబరు ప్లేట్ల మీద చిన్న ఎర్ర స్టిక్కర్లు కూడా అంటించుకోవాలి. ఎడిసన్‌లో ఉన్న మీ మేనకోడలినో, అన్నయ్య కొడుకునో అడగండి, గడగడా చెప్తారు. అక్కడున్న మన ఇళ్ల పిల్లలే ఒప్పుకున్న పద్ధతి ఇక్కడి పిల్లలకు అసాధ్యం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

ఎందుకు పనిచేస్తుందన్నది చెప్పాలి. ప్రమాదాలకు ‘కుర్రతనం’ ఒక్కటే కారణం అనుకుంటాం. కెనడాలోని నోవా స్కోషియాలో కొత్త డ్రైవర్ల లెక్కలు నెలవారీగా తీసి చూశారు. పక్కన పెద్దవాళ్లున్న లెర్నర్ దశలో ప్రమాదాలు చాలా తక్కువ. ఒంటరిగా నడపడం మొదలుపెట్టిన తొలి నెలలో ఒక్కసారిగా పెరిగాయి. ఏడో నెలకు వచ్చేసరికి 41 శాతం తగ్గాయి. ఏడు నెలల్లో ఎవరి వయసూ అంతగా మారదు. మారింది అనుభవం. ఎదుటి ఆటో కుడి పక్కకు కొద్దిగా వాలగానే యూ టర్న్ కొట్టబోతున్నాడని పసిగట్టడం, ఆగి ఉన్న బస్సు ముందు నుంచి మనిషి వస్తాడని ముందే చెయ్యి బ్రేకు మీదకు పోవడం, ఇవి పుస్తకంలో రావు. నడిపితే వస్తాయి. కాబట్టి ఆ తొలి నెలల్లో నడపనివ్వాలి, కానీ తప్పు చేసినా ప్రాణం మీదకు రాని పరిస్థితుల్లో నడపనివ్వాలి.

ఇక్కడే ఒక హెచ్చరిక. అమెరికాలో 1986 నుంచి 2007 దాకా లెక్కలు పరిశీలించి 2011లో ఒక అధ్యయనం వెలువరించారు. గట్టి దశలవారీ రూల్సున్న చోట 16 ఏళ్లవాళ్లు నడిపిన బండ్ల ప్రాణాంతక ప్రమాదాలు 26 శాతం తక్కువగా ఉన్నాయి. సంతోషమే. కానీ 18 ఏళ్లవాళ్లలో 12 శాతం ఎక్కువగా ఉన్నాయి. చాలా రాష్ట్రాల్లో ఆ రూల్సు 18తో అయిపోతాయి. అందుకని కొంతమంది పిల్లలు 18 దాకా ఆగి, ఏ దశా లేకుండా నేరుగా పూర్తి లైసెన్సు తీసుకుని రోడ్డెక్కారన్నది దీనికి చెప్పే ముఖ్యమైన వివరణల్లో ఒకటి. దీన్ని మన దగ్గర పెట్టి చూడండి. మన దగ్గర లైసెన్సు మొదలయ్యేదే 18కి. అంటే అక్కడ ఎవరినైతే వదిలేసి దెబ్బతిన్నారో, మన కొత్త డ్రైవర్లందరూ సరిగ్గా వాళ్లే. అందుకని నా మొదటి మాట: గడువును పుట్టిన తేదీ నుంచి కాకుండా లైసెన్సు జారీ అయిన తేదీ నుంచి లెక్కపెట్టాలి. 18 ఏళ్లవాడికైనా, 40 ఏళ్లకు మొదటిసారి స్కూటీ నేర్చుకున్న గృహిణికైనా తొలి ఏడాది తొలి ఏడాదే. ఒంటారియోలో ఇలాగే మొదటి మెట్టు అన్ని వయసులవాళ్లకూ ఉంది.

రెండో మాట. ఇందాక చెప్పిన విదేశాల రూల్సు ఎక్కువగా కార్ల కోసం రాసినవి. మన చావుల్లో ఎక్కువ కార్లలో కాదు. 2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో 74,897 మంది, అంటే నూటికి 44 మందికి పైగా టూ వీలర్ మీద ఉన్నవాళ్లు. హెల్మెట్ లేక చనిపోయినవాళ్లలో 14,337 మంది బండి నడిపినవాళ్లు కాదు, వెనక కూర్చున్నవాళ్లు. మనం రాసుకునే దశలవారీ చట్టం టూ వీలర్ చట్టం కావాలి.

టూ వీలర్‌తో మొదటి చిక్కు నేర్చుకోవడంలోనే ఉంది. కారైతే పక్క సీటులో మనిషి కూర్చుంటాడు, స్కూలు కారైతే వాళ్ల కాలి కింద కూడా బ్రేకు ఉంటుంది. స్కూటర్ వెనక కూర్చున్న అన్నయ్య దేన్నీ ఆపలేడు, పైగా అతని బరువు నేర్చుకునేవాడికి అదనపు భారం. నేర్పేది కూడా ఏమిటి? ‘ముందు బ్రేకు పట్టకు, పల్టీ కొడతావు.’ ప్రతి ఇంట్లో వినిపించే మాట ఇది. దీనివల్ల ఏమవుతుందో లెక్క చూడండి. బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదకు వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రానికి పట్టు తక్కువ. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో పొడి తారు రోడ్డు మీద రెండు బ్రేకులూ క్రమంగా నొక్కితే 10, 11 మీటర్లలో ఆగచ్చు. వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే 18 నుంచి 20 మీటర్లు. గట్టిగా తొక్కితే చక్రం లాక్ అయ్యి బండి పక్కకు జారుతుంది. అదే వేగం 60 అయితే, చూసి తేరుకోవడానికి పట్టే ఒక్క సెకనులోనే 17 మీటర్లు పోతాం. వెనక బ్రేకు మీదే ఆధారపడ్డవాడికి మొత్తం 55 మీటర్ల పైన కావాలి.

ఇప్పుడు చీకటి పడిందనుకోండి. మామూలు స్కూటర్ లైటు డిమ్‌లో పెడితే పనికొచ్చే వెలుగు 30, 40 మీటర్ల దాకానే పడుతుంది. వడ్ల సీజన్‌లో మన జిల్లాల రోడ్ల మీద సగం రోడ్డు ఆక్రమించి ధాన్యం ఆరబోస్తారు. రాత్రయ్యేసరికి కుప్ప చేసి, నల్ల పట్టా కప్పి, గాలికి లేవకుండా చుట్టూ బండరాళ్లు పెడతారు. నల్ల రోడ్డు మీద నల్ల పట్టా. ఎదురుగా లారీ హైబీమ్ వేసుకుని వస్తే ఆ వెలుగులో కళ్లు చెదిరి, లారీ దాటిన తర్వాత రెండు మూడు సెకన్లు ఏమీ కనపడదు. అనుభవమున్నవాడు లారీ దూరంగా ఉండగానే వేగం 30కి దించి, చూపు రోడ్డు ఎడమ అంచు మీద పెడతాడు. కొత్తవాడు లైటునే చూస్తూ అదే 60లో పోతాడు. 40 మీటర్ల వెలుగు, 55 మీటర్ల అవసరం. మిగిలిన 15 మీటర్లలో బండరాయి ఉంది. వెనక దీపం లేని ట్రాక్టర్ ట్రాలీ అయినా, రోడ్డు మధ్యలో పడుకున్న గేదె అయినా లెక్క ఇదే.

అందుకని ఎల్ఎల్ఆర్ కనీస గడువు 30 రోజులు కాకుండా 6 నెలలు కావాలంటున్నాను. అప్పుడు ఎల్ఎల్ఆర్ చెల్లుబాటును ఏడాదికి పెంచాల్సి ఉంటుంది. ఊరికే 6 నెలలు గడిస్తే లాభం లేదు. లాగ్ బుక్కు ఉండాలి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ 25 ఏళ్లలోపు లెర్నర్లను 120 గంటలు నడిపించి రాయమంటుంది, అందులో 20 గంటలు రాత్రివి. 120 మనకు ఎక్కువే. మన కేంద్ర నిబంధనల్లోనే గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకు తేలికపాటి వాహనాల కోర్సు 29 గంటలు అని ఉంది, 21 గంటలు నడపడం, 8 గంటలు పాఠం. టూ వీలర్‌కు 30 గంటలు పెట్టుకుందాం, 6 గంటలు చీకట్లో. నేర్పేవాళ్లు వెనక ఎక్కకుండా వేరే బండి మీద వెంట రావాలి. ఇప్పటి నిబంధన ప్రకారం ఇది కుదరదు, దాన్ని మార్చాలి. పుస్తకంలో గంటలతో పాటు పనులు కూడా ఉండాలి: 40 వేగం నుంచి రెండు బ్రేకులతో ఆపడం, ఇసుక మీద ముందు బ్రేకు ఎందుకు పట్టకూడదో చూడటం, ఫ్లైఓవర్ ఎక్కే చోట ఆగి మళ్లీ కదలడం, వాన పడ్డ తొలి అరగంటలో తెల్ల గీతల మీద టైరు ఎలా జారుతుందో తెలుసుకోవడం. టెస్టులో ఎనిమిదితో పాటు ఈ బ్రేకు పరీక్ష కూడా పెట్టాలి. ఎనిమిది వేయడం వల్ల బ్యాలెన్సు తెలుస్తుంది. ఆగడం వచ్చో లేదో తెలియదు.

తర్వాత వెనక ఎక్కేవాళ్ల సంగతి. 2012లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, 16, 17 ఏళ్ల డ్రైవర్ ఒంటరిగా ఉన్నప్పటితో పోలిస్తే కారులో 21 లోపు వయసున్న ఒక్కరు ఎక్కితే ఆ డ్రైవర్ చనిపోయే ముప్పు 44 శాతం పెరుగుతుంది. ఇద్దరైతే రెట్టింపు, ముగ్గురో అంతకన్నా ఎక్కువమందో అయితే నాలుగింతలు. అదే 35 దాటిన పెద్దవాళ్లు పక్కన ఉంటే 62 శాతం తగ్గుతుంది. ఇవి కార్ల లెక్కలు. టూ వీలర్ మీద మాటల్లో పడటమే కాదు, బండి తీరే మారిపోతుంది. ట్రిపుల్స్ పోతున్న బండిని ఒకసారి దగ్గర్నుంచి చూడండి. నడిపేవాడు ట్యాంకు మీదకు జరిగి ఉంటాడు. మోచేతులు వంగిపోయి హ్యాండిల్ తిప్పడానికి చోటుండదు. కుడి పాదం ఫుట్‌రెస్ట్ దాటి ముందుకు వచ్చి, బ్రేకు తొక్కాలంటే కాలు వెనక్కి లాగి వెతుక్కోవాలి. బరువంతా వెనక పడి ముందు చక్రం తేలిపోతుంటుంది. అలాంటి బండి గుంటలో పడితే హ్యాండిల్ చేతిలోంచి పోతుంది. ట్రిపుల్స్‌కు మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలోనే 1,000 రూపాయల జరిమానా, 3 నెలల అనర్హత ఉన్నాయి. నేను అడిగేది ఇంకొంచెం: లైసెన్సు వచ్చిన తొలి 6 నెలలు ఇంట్లోవాళ్లను తప్ప తన ఈడువాళ్లను ఎక్కించుకోకూడదు. ఉత్తర ఐర్లాండ్ 2026 అక్టోబరు నుంచి అమలు చేస్తామని ప్రకటించిన పద్ధతిలో కూడా ఇంట్లోవాళ్లకు మినహాయింపు ఉంది. అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లే పిల్లవాణ్ని ఆపే చట్టం నిలవదు, నిలవకూడదు.

రాత్రి నిషేధం మీద నాకు కొంచెం వెనుకంజ ఉంది. న్యూజిలాండ్‌లా రాత్రి 10 నుంచి 5 అని రాసుకోవడం తేలిక. కానీ మన దేశంలో ఎక్కువ ప్రమాదాలు జరిగేది సాయంత్రం 6 నుంచి 9 మధ్య. ఆ వేళ కోచింగ్ నుంచి వచ్చే పిల్లలు, పాలు పోసి వచ్చే వాళ్లు, షాపు కట్టేసి వచ్చే వాళ్లు ఉంటారు. వాళ్లను రోడ్డెక్కవద్దనలేం. అందుకే చీకటి గంటలను లెర్నర్ దశలోకి తెచ్చాను. 10 తర్వాత నిషేధం 6 నెలలకు పెడితే చాలు, పని మీద వెళ్లేవాళ్లకు యజమాని రాసిచ్చిన కాగితం మీద మినహాయింపు ఇవ్వచ్చు. మద్యం విషయంలో మాత్రం మినహాయింపు వద్దు. మన చట్టంలో 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల దాకా వదిలేస్తారు. కొత్త లైసెన్సుకు అది సున్నా కావాలి. న్యూజిలాండ్ 2011 నుంచి 20 లోపు వాళ్లకు సున్నాయే పెట్టింది.

ఇంజిన్ సంగతికి వస్తే, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ, అన్నిటికన్నా తేలికైనదీ ఇదే. మన దగ్గర గేర్ల బండికి ఒకటే లైసెన్సు. వంద సీసీ బండి శక్తి సుమారు 6 కిలోవాట్లు. నాలుగు వందల సీసీ దగ్గరున్న స్పోర్ట్స్ బండిది 30 దాటుతుంది. ఐదింతల శక్తి‌కు అదే కార్డు. ఐరోపాలో 2013 నుంచి మూడు మెట్లున్నాయి: 125 సీసీ, 11 కిలోవాట్ల దాకా ఒకటి, 35 కిలోవాట్ల దాకా ఒకటి, ఆపైన పూర్తిది. మనకు తొలి రెండేళ్లు 11 కిలోవాట్లు అని పెడితే పల్లెల్లో, పట్నాల్లో మామూలుగా తిరిగే 100, 110, 125 సీసీ బండ్లన్నీ అందులోనే ఉంటాయి. ఎవరి పొలం పనీ, ఎవరి ఉద్యోగమూ ఆగదు. కిలోవాట్లలో రాస్తే ఎలక్ట్రిక్ బండ్లకూ అదే కొలత సరిపోతుంది. దీనికి అర్ధరాత్రి రోడ్డు మీద పోలీసు నిలబడక్కర్లేదు. లైసెన్సు ఇచ్చేదీ, బండి రిజిస్టర్ చేసేదీ ఒకే రవాణా శాఖ. రిజిస్ట్రేషన్ దగ్గరే ఆపచ్చు. ‘నాన్న పేరు మీద కొంటారు కదా’ అంటారు. కొంటారు. అప్పుడు అనుమతి లేని లైసెన్సుకు బండి అప్పజెప్పిన యజమాని మీద బాధ్యత పడాలి. లైసెన్సు లేనివాడికి బండి ఇస్తే 180వ సెక్షన్ కింద యజమానిని ఇప్పటికే అడుగుతున్నారు, దాన్నే ఇక్కడికీ పొడిగించాలి.

ఇందాక ఒక పెద్దాయన గట్టి ప్రశ్నే అడిగారు. లైసెన్సే లేకుండా తొమ్మిదో తరగతి పిల్లలు తిరుగుతుంటే, పద్ధతిగా లైసెన్సు తీసుకున్నవాణ్ని బిగించడం ఏం న్యాయం అని. మైనరు నడిపితే 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకో, యజమానికో 3 ఏళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. ఇంతకన్నా బిగించడానికి ఏముంది? అక్కడ లోపం ఇంకోటి. చట్టంలో 16 ఏళ్లవాళ్లకు ఒక మెట్టు ఉంది: గేర్లు లేని, 50 సీసీ మించని బండి. ఆ బండి ఇప్పుడు ఏ షోరూములో దొరుకుతుంది? దొరికేది 110 సీసీ. మరోపక్క 250 వాట్లలోపు, 25 కిలోమీటర్ల వేగం దాటని ఎలక్ట్రిక్ బండికి లైసెన్సే అక్కర్లేదు. ఈ రెండిటి మధ్య మెట్టు విరిగిపోయింది. దాన్ని బాగుచేయాలి. 16 ఏళ్లవాళ్లకు, గంటకు 45 కిలోమీటర్లు దాటకుండా కంపెనీలోనే కట్టేసిన గేర్లు లేని బండి, లాగ్ బుక్కుతో, తల్లిదండ్రుల సంతకంతో. ఇంటర్ కాలేజీకి 12 కిలోమీటర్లు పోవాల్సిన, బస్సు రెండు పూటలే వచ్చే ఊరి పిల్లకు చట్టబద్ధమైన దారి చూపించాకే మిగతాది బిగించే హక్కు మనకు వస్తుంది.

దశలవారీ పద్ధతి మన చట్టానికి పరాయిది కూడా కాదు. ట్రాన్స్‌పోర్ట్ వాహనానికి ఎల్ఎల్ఆర్ కావాలంటే ముందు తేలికపాటి వాహనం లైసెన్సు ఏడాది ఉండాలని 7వ సెక్షన్‌లో 1994 సవరణ నుంచీ ఉంది. లారీ డ్రైవర్‌కు ఒప్పుకున్న మెట్టు బైకు కుర్రాడికి కూడా వేయమంటున్నాం, అంతే.

అమలు గురించి చివరి మాట. కొత్త లైసెన్సు బండికి ఏడాది పాటు ఒక పసుపు పలక ఉండాలి, తీసి పెట్టుకునేలా, ఇంట్లో ఆ బండినే నడిపే నాన్నకు అడ్డం లేకుండా. కార్డు మీద జారీ తేదీ ఎలాగూ ఉంటుంది. తప్పు చేస్తే జరిమానా కన్నా గడువు పొడిగించడం మేలు: ఒక తప్పుకు ఇంకో 6 నెలలు. చలానా నాన్న కట్టేస్తాడు, ఈ 6 నెలలు మాత్రం ఆ పిల్లవాడికే పడతాయి. మిగతా కాపలా ఇంట్లోనే జరుగుతుంది. ఇప్పుడు రాత్రి పదికి తాళం చెవి అడిగితే తల్లి దగ్గర ‘వద్దు నాన్నా’ అన్న బతిమాలడం తప్ప ఏమీ లేదు. రూలు ఉంటే ‘ఇంకా నాలుగు నెలలుంది, అప్పుడు తీసుకెళ్దువుగాని’ అనగలుగుతుంది.

డెలివరీ పని చేసే 18 ఏళ్ల పిల్లల సంగతి నేను వదిలేశానని అటువైపు నుంచి చేతులు లేస్తున్నాయి. జీతానికి బండి నడపాలంటే లైసెన్సు వచ్చి కనీసం 6 నెలలు గడవాలన్నది నా అభిప్రాయం. దాని మీద ముందు మీరు మాట్లాడండి, తర్వాత జవాబిస్తాను.